అరవై అయిదు శాతం నూకరత్నం

వైకల్య సమ్మిళిత జీవనోపాధి కార్యక్రమంలో చేరిన మొదటి రోజున నూకరత్నంలో అరవై అయిదు శాతాన్ని లోపలికి పంపించి, మిగిలిన ముప్పై అయిదు శాతాన్ని గేటు బయట సిమెంటు బెంచీ మీద కూర్చోమన్నారు.

ఇందులో ఎవరి కక్షా లేదు. కార్యక్రమానికి డబ్బు ఇచ్చేది విదేశాల్లోని దాతలు. ఆ డబ్బును వికలాంగుల కోసమే ఖర్చు పెట్టాలి. నూకరత్నం దగ్గరున్న ధ్రువపత్రం ప్రకారం ఆమెకు అరవై అయిదు శాతం వైకల్యం. అంటే మిగిలిన ముప్పై అయిదు శాతం ఏ లోపమూ లేని మనిషి. ఏ లోపమూ లేని మనిషిని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మధ్యాహ్నం భోజనం పెడితే రేపు ఆడిట్‌లో అడుగుతారు. పెన్షను దగ్గరా బస్సు పాసు దగ్గరా ఎంత శాతమని అడగడం జిల్లాలో అందరికీ అలవాటే. ఇక్కడ ఆ శాతాన్ని ఇంకాస్త నిక్కచ్చిగా పాటించారు, అంతే.

విడదీయడానికి యంత్రం లాంటిదేమీ లేదు. గేటు దగ్గర నేల మీద పసుపు రంగు గీత ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు లబ్ధిదారులు వరసలో వచ్చి ఆ గీత దాటతారు. అర్హత ఉన్న భాగం లోపలికి నడుస్తుంది, లేని భాగం బెంచీ వైపు తిరుగుతుంది. నొప్పి ఉండదు. ఒంటి మీంచి తడి బట్ట తీసినట్టుంటుందని నూకరత్నం ఆ సాయంత్రం ఇంటికి వచ్చి వదినతో చెప్పింది. వదిన కాసులమ్మ చింతపండు పిసుకుతూ, "బోజనం పెడతన్నారా?" అని అడిగింది.

"లోపలిదానికి పెడతన్నారు."

"మరింకేటి" అంది కాసులమ్మ.

ఏ భాగం ఎటు వెళ్లాలన్నది చేర్చుకునేటప్పుడే నిర్ణయించారు. ఎడమ కాలు, దానికి తొడిగే ఇనుప ఊచల క్యాలిపర్, నాలుగో ఏట వచ్చిన జ్వరం, బడి మెట్ల దగ్గర ఆగిపోయిన చదువు, ఆటో ఎక్కేటప్పుడు నలుగురూ చూస్తారన్న సిగ్గు, ఓర్పు, కృతజ్ఞత లోపలికి వెళ్లాలి. నవ్వు, కారం మీద ఇష్టం, బేరమాడే నోరు, మేనమామ కొట్టులో కూర్చుని నేర్చుకున్న మోటారు వైండింగ్ పని బయట ఉండాలి. కాలిపోయిన ఫ్యాన్లకీ పంపు మోటార్లకీ కొత్త రాగి తీగ చుట్టే ఆ పనిలో నూకరత్నానికి పేట మొత్తం మీద మంచి పేరుంది. చేతులు రెండు భాగాలకీ ఉండేవి. పనితనం మాత్రం బయటి చేతుల్లో ఉండేది.

కోపం దగ్గర కొంత చిక్కు వచ్చింది. మెట్లను చూసి వచ్చే కోపం వైకల్యానికి చెందుతుంది. ఆటోవాడు ఎక్కువ అడిగితే వచ్చే కోపం చెందదు. మెట్లు ఎక్కలేవు కదా అని ఆటోవాడు ఎక్కువ అడిగితే వచ్చే కోపం ఎటు వెళ్లాలో తేలలేదు. చివరికి కోపాన్ని మొత్తంగా బయటే ఉంచారు. లోపల సమావేశాలు జరుగుతుంటాయి కాబట్టి అదే మంచిదని సమ్మిళిత అధికారి శశికిరణ్ అభిప్రాయపడ్డాడు.

ఉద్యోగులకు వేరే గేటు ఉంది. అక్కడ గీత లేదు. ఉద్యోగులు తమ కళ్లజోళ్లతో, నడుం నొప్పులతో, ఇంట్లో జరిగిన పోట్లాటలతో సహా మొత్తంగా లోపలికి వెళ్లేవారు.

బెంచీ దగ్గర పగటి కాపలా అప్పలకొండది. అతను గీత దాటే పని అయిపోయాక డ్యూటీకి ఎక్కి, లోపలివాళ్లు తిరిగి వచ్చే వేళకు ముందే దిగిపోయేవాడు. అందువల్ల బెంచీ మీది వాళ్లు తప్ప అతనికి ఇంకెవరూ తెలియదు. వాళ్లలో ఎవరికి ఏ లోపం ఉందో కూడా తెలియదు. లోపాలన్నీ లోపల ఉండేవి. గోనెసంచుల్లా ఒకరినొకరు ఆనుకుని, బాదం చెట్టు నీడలో ఎప్పుడూ కూర్చునే ఉండే ఆ మనుషులు అతనికి తన జీవితంలో దొరికిన అందరికంటే సరదా అయినవాళ్లుగా కనిపించారు. వీరభద్రం అనే ఆయనలో ఎనభై శాతం లోపలికి పోగా, ఒక దగ్గూ, పాత నాటకాల పద్యాలూ, అబద్ధాలు చెప్పే నేర్పూ బెంచీ మీద మిగిలేవి. ఆ మిగిలినదానితోనే ఆయన పొద్దంతా నడిపించేవాడు.

"లోపల నిన్న మీకేటి నేర్పినారు?" అని ఒక రోజు అప్పలకొండ అడిగాడు.

"నాకేటి తెలుసు. నేనిక్కడే ఉన్నాను కదా" అన్నాడు వీరభద్రం.

"సాయంత్రం కలిసినాక తెలీదేటి?"

"తెలస్తది. ఆత్మవిశ్వాసం నేర్పినారంట." వీరభద్రం దగ్గాడు. "ఉన్నదంతా ఈ బెంచీ మీద పెట్టేసి, ఎల్లి లోపల నేర్సుకుంతన్నాను."

నూకరత్నం నవ్వింది. ఆమె నవ్వు పెద్దది. లోపల శిక్షణ హాలులో ఉన్న నూకరత్నానికి కూడా అది వినిపించింది. ఎవరో బయట బాగా నవ్వుతున్నారని ఆమె అనుకుంది.

సాయంత్రం అయిదింటికి రెండు భాగాలూ గీత మీద కలిసేవి. మొదట్లో ఇబ్బంది ఉండేది కాదు. లోపలిది కార్యక్రమం వారి పులిహోర పొట్లం తినేది, బయటిది అప్పలకొండ తెప్పించిన మిరపకాయ బజ్జీలు తినేది. కలిశాక రెండు భోజనాల బరువుతో కడుపు ఉబ్బరంగా ఉండేది, అంతవరకే. తర్వాత తర్వాత కలవడానికి సమయం పట్టసాగింది. బయటిదానికి రోజంతా మాటలు, స్నేహాలు, ఎత్తిపొడుపులు ఉండేవి. లోపలిదానికి తన జ్వరం కథ తప్ప చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. దారిలో నడుస్తుంటే బయటిది ఒక మాట మొదలుపెట్టేది, లోపలిది దాన్ని మర్యాదగా వినేది. తన లోపల తనతో ఎవరో మర్యాదగా ఉంటున్నారన్న సంగతి నూకరత్నానికి ఒక రాత్రి అన్నం తింటుండగా తట్టింది. ఇది ఎవరికి చెప్పాలో ఆమెకు తోచలేదు.

అప్పుడే లోపల నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన వచ్చింది. శిక్షణ కేంద్రంలో మోటారు వైండింగ్ నేర్పడానికి ట్రైనర్ కావాలి. అర్హులైన వికలాంగులకు ప్రాధాన్యం. ట్రైనర్ ఉద్యోగి. ఉద్యోగులు రెండో గేటు నుంచి వెళతారు. ఆ పని దొరికితే తాను మొత్తంగా లోపలికి వెళ్లి, మొత్తంగా బయటికి రావచ్చు. నూకరత్నం ఆ ప్రకటనలో ఇంకే వివరమూ చదవలేదు. జీతమెంతో కాసులమ్మ అడిగితే చెప్పలేకపోయింది.

ఇంటర్వ్యూ రోజున ఆమె సరాసరి ఉద్యోగుల గేటుకు వెళ్లింది. శశికిరణ్ ఆమెను ఎంతో మర్యాదగా ఆపాడు.

"మీరు నమోదైన లబ్ధిదారు అమ్మా. ఉద్యోగం వచ్చాక ఇటు రావచ్చు. అప్పటిదాకా ఆ గేటే."

"అటు వస్తే పని తెలిసిన మనిషి రాదు బాబూ."

"వచ్చినంతవరకు బాగా చెప్పండి. ప్యానెల్ అర్థం చేసుకుంటుంది."

ఆమె గీత దాటింది. అరవై అయిదు శాతం ఇంటర్వ్యూ గదికి వెళ్లింది. ముప్పై అయిదు శాతం బెంచీ మీద కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకోసాగింది. వీరభద్రం పద్యం మొదలుపెట్టబోతే ఊరుకోమంది.

"అప్పలకొండ మావా, ఒకపాలి లోపలికెల్లి నాకొక మాట సెప్పొస్తావా? తీగ సుట్టినప్పుడు రన్నింగ్ చుట్టు ముందు, స్టార్టింగ్ చుట్టు తరవాత అని."

"నీకు నేను సెప్పాలేటి? లోపలున్నది నువ్వే కదా."

"ఆవిడికి తెలీదు."

"ఆవిడెవరే?"

"నేనే."

"తెలిసినదాన్ని పంపుకోవాల్సింది" అన్నాడు అప్పలకొండ.

"అర్హత ఉన్నదాన్నే రానిస్తారంట."

"నాకు గీత దాటడానికి లేదమ్మీ. కాంట్రాక్టువాళ్లం ఇవతలే ఉండాల."

లోపల బల్ల మీద కాలిపోయిన ఫ్యాను ఒకటి, రాగి తీగ చుట్ట ఒకటి పెట్టారు. నూకరత్నం వాటిని చూసింది. తీగ మెరుస్తోందని, బాగుందని అనిపించింది. దాన్ని ఏం చేస్తారో తెలియలేదు. ప్యానెల్‌లో దాతల తరఫున వచ్చిన మార్గిట్ అనే సలహాదారు కూడా ఉంది. ఆమె నెమ్మదైన మనిషి. మీ గురించి చెప్పమని దుబాసీ చేత అడిగించింది. నూకరత్నం చెప్పింది. నాలుగో ఏట జ్వరం ఎలా వచ్చిందో, తండ్రి భుజం మీద ఎక్కించుకుని బడికి ఎలా తీసుకెళ్లేవాడో, తండ్రి పోయాక బడి మెట్లు ఎలా మిగిలిపోయాయో ఒక్క మాట తడబడకుండా చెప్పింది. ప్యానెల్ సభ్యులందరూ ఆమెకు పూర్తి మార్కులు వేసి, ఆ మార్కులకు ట్రైనర్ పోస్టుతో సంబంధం లేదని కింద రాశారు.

మార్గిట్‌కు ఒక్క సందేహం మిగిలింది. "ఈమెలో మిగతాది ఎక్కడుంది?" అని అడిగింది.

శశికిరణ్ కిటికీ తెర తీసి బెంచీ చూపించాడు. అక్కడ అప్పటికి నూకరత్నాన్ని ఉత్సాహపరచడానికి వీరభద్రం తాను ఒకప్పుడు ఏనుగును కొన్న సంగతి చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. మార్గిట్ చాలాసేపు చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. ఎవరినీ బయట వదిలేయకూడదు అని ఆమె అన్నది. ఆ మాటను అక్కడున్న అందరూ రాసుకున్నారు.

ఆమె నివేదిక ఫలితంగా, లబ్ధిదారులను సంపూర్ణంగా చేర్చుకోవాలని ప్రధాన కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. దాని మీద జిల్లా కార్యాలయంలో రెండు పూటల సమావేశం జరిగింది. గీత చెరిపేద్దామని ఒక చిన్న ఉద్యోగి అన్నాడు. అది కుదరదని అకౌంట్స్ విభాగం వివరించింది. లోపం లేని భాగాల మీద ఖర్చు చేస్తే ఆ మొత్తాన్ని తిరిగి కట్టమంటారు. చేర్చుకోవాలి, కానీ అర్హత లేనిదాన్ని చేర్చుకోకూడదు. మధ్యాహ్నం టీ తర్వాత శశికిరణ్‌కు దారి కనిపించింది. మిగిలిన భాగాలకు కూడా అర్హత ఉందేమో ఇంతవరకూ ఎవరూ పరిశీలించలేదు కదా అన్నాడు.

పరిశీలనకు మానసిక నిపుణురాలు డాక్టర్ పద్మలోచన వచ్చింది. అప్పలకొండను టీ తెమ్మని పంపి, బెంచీ మీద నూకరత్నం పక్కన కూర్చుంది. ఆమె గొంతు మెత్తగా ఉంది.

"మీరు బాగా నవ్వుతారట కదా."

"నవ్వొస్తే నవ్వుతానండి."

"కాలి గురించి బాధ కలిగినప్పుడా?"

"కాలు లోపలుందండి. నాకాడ లేదు."

డాక్టర్ తల ఊపి, బాధను ఒప్పుకోలేని స్థితి అని రాసుకుంది. "బేరాల దగ్గర గట్టిగా మాట్లాడతారని విన్నాను."

"ఎక్కువ సెప్తే మాట్లాడనేటి?"

నలుగురిలో తక్కువైపోతానన్న భయం అని రాసుకుంది. తర్వాత కాగితం పక్కన పెట్టి, ఆసక్తిగా ముందుకు వంగింది. "వైండింగ్ ఎందుకు నేర్చుకున్నారు?"

"మా మావకి కొట్టుందండి. అక్కడ కూకుండేదాన్ని."

"కాలు బాగుండి ఉంటే అక్కడ కూర్చునేవారా?"

ఈ ప్రశ్న నూకరత్నాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొట్టు ముందు సందులో ఆడుకునే పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ల అరుపులు వింటూ, తల ఎత్తకుండా తీగ చుట్టిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఆ మధ్యాహ్నాల్లో తనకు దుఃఖం ఉండేదా, లేక రాగి తీగ నున్నగా ఒదిగినప్పటి సంతోషమే ఉండేదా అని వెతికింది. రెండూ ఒకే చోట ఉన్నాయి.

"ఏమోనండి" అంది. "ఆడుకోడానికి ఎల్లిపోదును కావాల."

డాక్టర్ ఆమె చెయ్యి నొక్కింది. పనితనం కూడా కాలి నుంచే పుట్టిందని తేలింది. కారం మీద ఇష్టానికి కొంత తర్కం అవసరమైంది కానీ, దానికీ దారి దొరికింది. నూకరత్నంలో కాలు కానిది ఏదీ మిగలలేదు. వారం తిరక్కుండా, బెంచీ మీది మిగతావాళ్లతో పాటు ఆమెకూ కొత్త ధ్రువపత్రం వచ్చింది. నూటికి నూరు శాతం. ఆమె ఒప్పుకుని సంతకం పెడితే చాలు.

"పెడితే మొత్తం లోపలికి రావచ్చా బాబూ?" అని ఆమె శశికిరణ్‌ను అడిగింది.

"మొత్తం. గీతతో పని లేదు."

"మరి ట్రైనర్ పోస్టు?"

"ఇంకా ఖాళీగానే ఉంది. ముందు పూర్తిగా లోపలికి రండి."

ఆ సాయంత్రం నూకరత్నం బాదం చెట్టు కింద తన రెండో భాగం కోసం ఎదురుచూసింది. లోపలిది మెల్లగా కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఇద్దరూ కాసేపు ఎదురెదురుగా నిలబడ్డారు. లోపలిది చాలా అలసిపోయి ఉందని బయటిది గమనించింది. ఇన్నాళ్లూ దాన్ని ఒక్కదాన్నే పంపించానే అనిపించింది. సంతకం పెట్టింది అందుకే. తర్వాత కాసులమ్మతో మాత్రం ఉద్యోగం కోసమని చెప్పింది.

సంపూర్ణ చేరిక రోజున గేటుకు బంతిపూలు కట్టారు. ఆ రోజు అప్పలకొండను పొద్దున్నే రమ్మన్నారు. వరసలో వస్తున్నవాళ్లను చూసి అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చక్రాల కుర్చీలో వీరభద్రం, క్యాలిపర్ చప్పుడుతో నూకరత్నం.

"నీకు కాలు బాగోదేటమ్మీ?"

"మొదట్నుంచీ."

"నాకెప్పుడూ సెప్పలేదే."

"నువ్వడగలేదు కదా మావా."

"ఏటడుగుతాను" అన్నాడు అప్పలకొండ. "నాకు కనబడితే కదా." అతని మాట మునుపటిలా లేదు. ఆసుపత్రిలో పలకరించేవాళ్లలా గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని గీత దాటించబోయాడు. ఆమె వద్దంది. అయినా పట్టుకున్నాడు. ఆమెలో ఏమీ బెంచీ వైపు తిరగలేదు. మరుసటి వారం బెంచీని తవ్వి తీసేశారు.

ట్రైనర్ పోస్టు గురించి శశికిరణ్ స్వయంగా వచ్చి చెప్పాడు. అతను బాధపడుతున్నట్టే కనిపించాడు.

"నూరు శాతం ఉన్నవారికి పని చేసే సామర్థ్యం లేనట్టు లెక్క అమ్మా. నేనంటున్న మాట కాదు, నిబంధన. అరవై అయిదు ఉన్నప్పుడైతే ఇవ్వొచ్చు. కానీ అప్పుడు మీ పనితనం బయట ఉంది."

"ఇప్పుడు లోపలికి వచ్చింది కదా బాబూ."

"వచ్చింది. వికలాంగతగా వచ్చింది."

నూకరత్నం కోపం తెచ్చుకుంది. ఇప్పుడు కోపం కూడా లోపలే ఉంది కాబట్టి బాగానే వచ్చింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ శశికిరణ్ ఓపికగా విన్నాడు. నిబంధన ఎవరు రాశారని ఆమె అడిగింది. మీ అందరి శాతాలూ ఎవరు చూశారని అడిగింది. ఆమె ఆగాక అతను, ఇలా ఉంటుందని డాక్టర్‌గారు ముందే చెప్పారు అని మెల్లగా అని, ఆమెకు కుర్చీ జరిపాడు. రెండోసారి కోపం వచ్చినప్పుడు కుర్చీ ముందే జరిపి ఉంది. మూడోసారి ఆమె నేరుగా కూర్చుంది.

ట్రైనర్‌గా రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చాడు. పని తెలిసినవాడు, మంచివాడు. నూకరత్నం అందరితో పాటు ముందు వరసలో కూర్చుని అతను చెప్పేది వినేది. బాగా చెబుతున్నాడని ఆమెకు అనిపించేది. వీరభద్రం అబద్ధాలు చెప్పడం మానేశాడు. చెప్పినా, అవి ఎప్పటి దెబ్బ వల్ల వచ్చాయో హాలులో అందరికీ తెలుసు. ఇంటి దగ్గర కాసులమ్మ ఆమెను నీళ్ల బిందె ముట్టుకోనివ్వడం లేదు. పేటలో జనానికి కొత్త ధ్రువపత్రం సంగతి తెలిసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్లు ఆమెను మొదటినుంచీ కుంటి రత్నమనే పిలిచేవారు. ఆఫీసువాళ్లకు ఇన్నాళ్లు పట్టిందేమిటని మాత్రం ఒకరిద్దరు అడిగారు.

ఎండలు ముదిరాక ఒక రోజు ట్రైనర్ సెలవు పెట్టాడు. మధ్యాహ్నం హాలులో ఫ్యాను నెమ్మదించి, చిన్నగా మూలిగి ఆగిపోయింది. కాలిన వార్నిష్ వాసన గది అంతా నిండింది. శశికిరణ్ పరుగున వచ్చి స్విచ్ ఆపాడు. అందరికీ క్షమాపణ చెప్పి, మెకానిక్‌కు ఫోను చేశాడు. సాయంత్రానికి గానీ రాలేనన్నాడట. కిటికీలు తీయించాడు. వేడిగాలి లోపలికి వచ్చింది. మెకానిక్ ఎటు నుంచి వస్తాడో అన్నట్టు అందరూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

నూకరత్నం కూడా చూస్తోంది. ఒళ్లో ఆమె వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు ఒకదాని మీదుగా ఒకటి, కనిపించని తీగను బిగువు సడలకుండా చుట్టుకుంటూ పోతున్నాయి. శశికిరణ్ ఆమె దగ్గరికి వచ్చి వంగాడు.

"చేతులు వణుకుతున్నాయా అమ్మా?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. చాలాసేపు చూసింది.

"అవును బాబూ, కొంచెం" అంది.

అతను గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఒలికిపోకుండా ఆమె దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుంది.